నీలం దారం కట్టిన దుర్భిణి

స్టైన్‌కార్ అడవి ఇల్లు,
23 ఏప్రిల్ 1978

కాసియన్ మామయ్యకి బుర్గి,

అమ్మా నేనూ కులాసా. మంచు ఇంకా కిటికీ గట్టు దాకా ఉంది. ఈస్టర్‌కి నువ్వు పంపిన కాఫీ గింజల్ని అమ్మ దాచుకుని ఒక్కతే తాగుతోంది. అడిగితే "మా తమ్ముడు నాకు పంపాడు" అంటుంది.

ఇక అసలు సంగతి. పోయిన ఆదివారం లోయలో కొమ్ముల ప్రదర్శన జరిగింది. ఏడాదంతా వేటలో కొట్టిన గామ్స్ కొండమేకల కొమ్ముల్ని సత్రం గోడకి వరసగా తగిలించారు. ముగ్గురు పరీక్షకులు కొమ్ము మీది గీతలు లెక్కపెట్టి వయసు తేల్చారు. కొట్టదగ్గ మేకైతే పచ్చ చుక్క, కొట్టకూడనిదైతే ఎర్ర చుక్క. అరవై మూడు జతల్లో ఒక్కదానికే ఎర్ర చుక్క పడింది. అది నాది.

పదేళ్ళ ముసలి పోతనుకుని కొట్టాను మామయ్యా. కొమ్ములు నా బొటనవేలంత లావున్నాయి. పరీక్షకుడు చాకుతో గీకితే పెచ్చులూడాయి. అంతా చెట్టు బంక. పొట్టి పైన్ పొదలకి కొమ్ములు రుద్ది రుద్ది పట్టించుకుంది. మా వాలులో ఆ పొదలే లేవు కాబట్టి నాకా అనుమానమే రాలేదు. జతకట్టే రోజుల్లో అవతలి కొండ నుంచి దాటి వచ్చిందన్నమాట. బంక ఊడాక లెక్కపెడితే ఐదు గీతలు. ఐదేళ్ళ పోతు, మందకి దన్నుగా ఉండాల్సింది.

వేట సంఘం పెద్ద వెండెలిన్ నిండు సభలో "బంక చూసి తాతయ్య అనుకుందర్రా" అన్నాడు. సత్రమంతా పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వకుండా ఇంకో మాట కూడా అన్నాడు. వచ్చే మార్చిలో నాకు మళ్ళీ ఎర్ర చుక్క పడితే ఈ కొండ కాపలా ఉద్యోగం తన మేనల్లుడు లూకాస్‌కి ఇస్తారట. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

నా దుర్భిణి పాతది, ఏడు రెట్లది. పదిహేను రెట్లది ఉండుంటే బంకేదో కొమ్మేదో తెలిసేది. నువ్వు ముప్పై ఏళ్ళుగా దుర్భిణులు బిగించే చోటే ఉన్నావు కదా. ఒక మంచి పదిహేను చూసిపెట్టు.

నీ మేనకోడలు,
బుర్గి

*

ఇన్స్‌బ్రూక్,
2 మే 1978

ఎర్ర చుక్కల బుర్గికి,

కోప్పడకు, మేనమామని, ఆ మాత్రం హక్కుంది. ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వు రాలేదు.

పదిహేను రెట్ల దుర్భిణి చేత్తో పట్టుకుంటే మేక కనపడదు, నీ గుండె కొట్టుకోవడం కనపడుతుంది. దానికి మూడుకాళ్ళ స్టాండు కావాలి. అది నువ్వు మోస్తావా, అక్క మోస్తుందా? చాలామంది కొనడానికి వచ్చి పెద్ద అంకె అడుగుతారు. పట్టపగలు దుకాణం గుమ్మంలో నిలబడి ఎదురుగా ఉన్న చర్చి గడియారం చూసి, ముల్లు కనపడిందని మురిసిపోయి పట్టుకుపోతారు. ఆ చర్చి గడియారాన్ని ఎవరూ వేటాడరు.

ముందు నాకివి చెప్పు. కొండెక్కి ఆగగానే చూస్తావా, ఊపిరి తీసుకుని చూస్తావా? ఊపిరి నెమ్మదించడానికి ఎంతసేపు? చేతులు వణుకుతాయా? రోజుకి ఎంత కాఫీ, ఎంత సారా? కళ్ళజోడు పెట్టావా? ఒక్కసారి దుర్భిణి ఎత్తితే ఎంతసేపటికి దించుతావు? మెడ నొప్పా, తల నొప్పా?

మామయ్య కాసియన్

*

స్టైన్‌కార్,
14 మే 1978

మామయ్యకి,

నేను దుర్భిణి అడిగాను, పెళ్ళిసంబంధం కాదు. చేతులు వణుకుతాయా, సారా ఎంత తాగుతావు? ఈ ప్రశ్నలు వెండెలిన్ అడిగితే వాడి టోపీ తీసి వాగులో విసిరేసేదాన్ని. ముప్పై ఆరేళ్ళు నాకు. ఏటి నుంచి కొండ భుజం దాకా గంటలో ఎక్కుతాను. లూకాస్‌కి గంటన్నర పడుతుంది. వాడి మెడలో మాత్రం కొత్త పదిహేను వేలాడుతోంది, వెనక స్టాండు మోయడానికి వాడి తమ్ముడు.

నీ ఉత్తరం అమ్మ చదివేసింది. దాంతో ఎర్ర చుక్క సంగతి బయటపడింది, నిలదీస్తే ఇంటి సంగతీ చెప్పాల్సి వచ్చింది. రెండు రోజులు పాకలోనే పని కల్పించుకుంది. మూడో రోజు "వాడికి వేటంటే చిన్నప్పటి నుంచీ కడుపుమంట. నీకు మంచిది చచ్చినా ఇవ్వడు" అంది. నేను నమ్మలేదు. కానీ నీ ప్రశ్నలు మళ్ళీ చదివితే నమ్మాలనిపిస్తోంది.

ఇవ్వనంటే ఇవ్వనని చెప్పు. ఊళ్ళో అప్పు చేసైనా కొనుక్కుంటాను.

బుర్గి

*

ఇన్స్‌బ్రూక్,
9 జూన్ 1978

బుర్గికి,

నాలుగు వారాలు జవాబు రాయలేదు. కోపం వచ్చి కాదు, బాధ కలిగి. అక్క అలా అనుకుంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న అక్కని వేటకి తీసుకెళ్ళాడు. నన్ను గుమ్మంలో ఆపి, ముక్కు మీది కళ్ళజోడు వేలితో తట్టి, "నువ్వేం చూస్తావురా, ఇంట్లో ఉండు" అన్నాడు. అక్కకి అది గుర్తుండదు. తను వెనక్కి తిరిగి చూడలేదు. నాకు వేటంటే మంట కాదే పిచ్చిదానా. ఆ మాటంటే మంట. ఆ మంటతోనే వచ్చి ఈ పనిలో చేరాను. కొండల్లో ఎవరి కళ్ళ ముందుకు వెళ్ళే గాజైనా సరే, నా చేతి కింద నుంచి వంకరగా పోకూడదని పట్టుపట్టాను. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఈ ఉత్తరంతో పాటు పెట్టె వస్తుంది. అందులో రెండు దుర్భిణులు. ఒకే కర్మాగారం, ఒకే ఒడ్డూ పొడుగూ, దాదాపు ఒకే బరువు. ఒకటి ఎనిమిది రెట్లు, ఒకటి పది. అంకెల మీద నల్ల పట్టీ అంటించాను. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి నీలం దారం. పట్టీ పీకావంటే నేను నీ మామయ్యని కాదు.

ఏటి నుంచి పరుగున ఎక్కి, కూర్చోకుండా వెంటనే ఎదుటి బండ మీది కాకుల్ని చూడు. రెక్క ఈకలు లెక్కపెట్టగలవేమో రాయి. తర్వాత పొద్దు గూకాక, లార్చ్ చెట్ల కింది నీడలో ఏది ఎక్కువసేపు కనపడుతోందో చూడు. చలి చేతితొడుగులు వేసుకుని మధ్యలో ఉన్న సర్దుబాటు చక్రం తిప్పి చూడు. చివరగా ఒక్కోదాంతో అరగంట దించకుండా చూసి, తల బరువెక్కిందో లేదో చెప్పు. గొట్టాలు రెండూ వెంట్రుకవాసి పక్కచూపులు చూసినా కళ్ళు సర్దుకుంటాయి, తల ఊరుకోదు. ఒకే రోజు చేసి తీర్పు చెప్పకు. పది రోజులు చెయ్యి.

కాసియన్

*

స్టైన్‌కార్,
2 జూలై 1978

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. బూడిదరంగు జున్ను కోస్తున్న కత్తి పక్కన పెట్టి పశువుల పాకలోకి వెళ్ళిపోయింది. చాలాసేపటికి వచ్చి, "నేను వెనక్కి తిరిగి చూశాను. వాడు అప్పటికే తలుపు వేసుకున్నాడు" అంది. ఇది రాయమని చెప్పలేదు, రాయొద్దనీ అనలేదు. రాస్తున్నాను. నా మాటలకి నన్ను కూడా క్షమించు.

ఇక పరీక్ష. పది రోజులూ చేశాను. ఎర్ర దారందాంతో కాకి రెక్కలు గజగజ వణికాయి, ఒక్క ఈకా లెక్కకి చిక్కలేదు. నీలం దారందాంతో ఏడు లెక్కపెట్టాను. పొద్దు గూకాక కూడా నీలందే పావుగంట ఎక్కువ నిలిచింది. మంద మొత్తం ఒకేసారి కనపడుతుంది, ఏది ఎటు కదిలినా వెతుక్కోనక్కర్లేదు. తల నొప్పి రెండింటికీ రాలేదు, దానికి నీ చేతికి దణ్ణం.

కాబట్టి నీలందే పది. పందెం కడతావా? లూకాస్‌తో చెప్పేశాను కూడా, "నా పది ముందు నీ పదిహేను దిగదుడుపే" అని. వాడి మొహం మాడిపోయింది.

నీ బుర్గి

*

ఇన్స్‌బ్రూక్,
15 జూలై 1978

బుర్గికి, అక్కకి,

అక్కా, తలుపు వేసుకోకుండా ఉండాల్సింది. నలభై తొమ్మిదేళ్ళకి తెలిసింది.

బుర్గీ, నీలం దారందే ఉంచుకో. ఎర్రది వెనక్కి పంపెయ్. దుర్భిణిని పొయ్యి పక్కన తగిలించకండి. వెచ్చటి గదిలోంచి చలిలోకి తీసుకెళితే లోపలి తేమ గాజుకి పట్టి అరగంట పాటు ఏమీ కనపడదు. వరండాలో ఉంచు. చొక్కా అంచుతో తుడవకు. పట్టీ మాత్రం పీకకు.

పందెం కట్టను.

కాసియన్

*

స్టైన్‌కార్,
22 అక్టోబర్ 1978

మామయ్యకి,

నా పరువు తీశావు.

గురువారం సత్రంలో సంఘం సమావేశం. వర్షంలో తడిసి వెళ్ళాను. లూకాస్ "ఏదక్కా నీ పది, ఒకసారి ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను, గర్వంగానే. తడిసిన నల్ల పట్టీ వాడి బొటనవేలి కిందే ఊడొచ్చింది. ఎనిమిది! వాడు బల్లెక్కి చదివాడు. "ఎనిమిదే! అక్కా, మీ మామయ్య చిన్నపిల్లల బొమ్మ పంపాడే!" వెండెలిన్ కళ్ళు తుడుచుకుంటూ, "మొన్న బంకని కొమ్మనుకుంది, నేడు ఎనిమిదిని పదనుకుంది. ఈ అమ్మాయికి కళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి" అన్నాడు.

నాలుగు నెలలు లోయంతా పది పది అని చెప్పుకు తిరిగాను. నీకు తెలిసీ ఊరుకున్నావు. పందెం కట్టనన్నప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. డిసెంబర్ పదిహేనుకి వేట కాలం అయిపోతుంది. నా వాటాకి ఒక ముసలి ఆడమేక మిగిలింది. ఈ బొమ్మతో దాన్ని వెతుక్కోవాలి. ఎర్ర దారందాన్ని తిరిగి పంపు. లేదంటే వద్దు, ఏమీ పంపకు.

బుర్గి

*

ఇన్స్‌బ్రూక్,
27 అక్టోబర్ 1978

బుర్గీ,

దాచడం నా తప్పే. ముందే ఎనిమిదని చెబితే నువ్వు దాన్ని కళ్ళకి కూడా ఆనించేదానివి కాదు. అందుకని దాచాను. అయినా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఎర్రది పెట్టెలో సర్ది ఉంచాను, కార్డు ముక్క రాస్తే మర్నాడే పంపుతాను.

అంతకుముందు ఒక్కటి చెప్పు. ఆ కాకి ఈకలు ఏడు లెక్కపెట్టింది ఎవరు? గురువారం పట్టీ ఊడింది. గాజు లోపల ఏం మారింది?

రెట్లు పెరిగితే మేకా పెరుగుతుంది, వణుకూ పెరుగుతుంది. ఒకే వెడల్పు గాజులో పదికి కంటికి చేరే వెలుతురు గుండ్రం నాలుగు మిల్లీమీటర్లు, ఎనిమిదికి ఐదు. పొద్దుటా సాయంత్రం మేకలు దిగే వేళకి ఆ ఒక్క మిల్లీమీటరే నీకు పావుగంట ఇచ్చింది. నువ్వే కొలిచి రాశావు.

ఇంకో సంగతి. నేను వేటగాణ్ణి కాదు, తప్పైతే నవ్వుకో. పోయినేడు నీ పాత ఏడు రెట్లది అబద్ధం చెప్పలేదు. కొమ్ము లావుగా ఉంది, లావుగానే చూపించింది. నువ్వు కొమ్మొక్కటే చూశావు. మా వర్క్‌షాపు కిటికీలోంచి ముప్పై ఏళ్ళుగా బజారు చూస్తున్నాను. వంతెన మీద ముసలివాళ్ళని మొహం కనపడక ముందే పోల్చగలను. మెట్టు దిగేముందు ఆగుతారు. కూర్చునేటప్పుడు ముందు చెయ్యి ఆనిస్తారు. మేకలు అలా చెయ్యవా? ఈసారి కొమ్ములు తప్ప మిగతా మేకంతా చూడు.

మామయ్య

*

స్టైన్‌కార్,
3 డిసెంబర్ 1978

మామయ్యా,

ఎర్రది పంపొద్దు. ఇదిగో, జరిగింది రాస్తున్నాను.

నవంబర్ పదో తేదీ నుంచి ఒక ఆడమేకని చూస్తున్నాను. కొమ్ములు సన్నవి, వేలెడు. అందరూ దాన్ని మూడేళ్ళ పిల్ల అంటారు. లూకాస్ తన పదిహేనులో చూసి, "పాలు మానిన పిల్ల అక్కా, దాని జోలికి పోకు, ఇల్లు పోగొట్టుకుంటావు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ నీ మాట పట్టుకుని తొమ్మిది రోజులు కొమ్ముల కింద నుంచే చూశాను. మంచు గండి దాటేటప్పుడు మిగతావన్నీ దూకుతాయి. ఇది ఆగి, గిట్టతో తడిమి, చివర దాటుతుంది. పడుకునేటప్పుడు ముందు మోకాళ్ళు వంచి అలాగే కాసేపు ఉండిపోతుంది, అమ్మ లాగే. చెంపల మీది నల్ల చారలు చెదిరి బూడిదరంగులో కలిసిపోయాయి. దాని వెంట ఈ ఏటి పిల్ల లేదు. మంద బెదిరితే అన్నీ ముందు దాని వైపు చూస్తాయి. మూడేళ్ళ పిల్ల వైపు ఎవరు చూస్తారు?

నిన్న పొద్దున్న కొట్టాను. ఒక్క గుండు, ఉన్నచోటే పడింది.

వెండెలిన్ వచ్చి కొమ్ములు వేళ్ళతో కొలిచి, పెదవి విరిచాడు. "పాపం పిల్ల. మీ అమ్మ ఫిలొమెనక్కని సామాను సర్దుకోమను" అన్నాడు. నేను గీతలు లెక్కపెడితే ఒకసారి పద్నాలుగు, ఒకసారి ఆరు. కొమ్ము మొదలంతా చీలికలు, ఏది ఏడాది గీతో ఏది ఉత్త ముడతో తెలియట్లేదు. పళ్ళు అరిగాయి, కానీ ఇక్కడి గడ్డిలో ఇసుక ఉంటుంది, పళ్ళు పడుచు మేకలకీ అరుగుతాయి. మార్చి దాకా ఆగాలి.

బుర్గి

*

ఇన్స్‌బ్రూక్,
10 డిసెంబర్ 1978

బుర్గీ,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. కొండ ఎక్కని వాడిని, మేకల గురించి నీకు సలహా చెప్పాను. ఇల్లు పోతే అది నా నోటి దురద వల్లే. ఇక్కడ నా రెండో గది ఖాళీగానే ఉంది. పరుపులు ఎండలో వేశాను. మీరిద్దరూ వచ్చెయ్యండి.

కాసియన్

*

స్టైన్‌కార్,
18 డిసెంబర్ 1978

మామయ్యకి,

పరుపులు మడిచి పెట్టు. తొమ్మిది రోజులు చూసింది నువ్వు కాదు, నేను. చెప్పింది నువ్వే అయినా ట్రిగ్గర్ నొక్కింది నా వేలు. నాకు నమ్మకం ఉంది, నీకు లేకపోతే అరువిస్తాను. అమ్మ క్రిస్మస్‌కి పొగబెట్టిన పంది మాంసం పంపుతోంది. అది సహించకపోతే అప్పుడు చూద్దాం.

బుర్గి

*

స్టైన్‌కార్,
19 మార్చి 1979

మామయ్యా!

కూర్చుని చదువు.

నిన్న ప్రదర్శన. ఈసారి సత్రం గోడకి యాభై ఎనిమిది జతలు. నావి అన్నిటికంటే చిన్నవి, చివర మూల. వెండెలిన్ ముందు బల్ల మీద లూకాస్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాడు కొత్త టోపీ పెట్టుకొచ్చాడు. అమ్మ మోకాలికి గుడ్డ చుట్టుకుని, వద్దన్నా వినకుండా వచ్చి తలుపు పక్కన నిలబడింది.

పరీక్షకులు నా కొమ్ముల దగ్గరికి వచ్చేసరికి ఒకాయన ఎర్ర చుక్కల కాగితం అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. రెండో ఆయన, గెడ్డం ఆయన, "ఉండవయ్యా" అని కొమ్ముని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి భూతద్దం పెట్టాడు. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడో ఆయన్ని పిలిచాడు. అప్పుడు గెడ్డం ఆయన గోటితో ఒక్కో గీత మీదా నొక్కుతూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడు అనగానే వెండెలిన్ కుర్చీ సర్దుకున్నాడు. పదకొండు అన్నాక సత్రం మొత్తం ఆయనతో కలిసి లెక్కపెట్టింది. పదిహేను, పదహారు, పదిహేడు.

పదిహేడేళ్ళు మామయ్యా. ఈ లోయలో ఇప్పటిదాకా గోడెక్కిన ఆడమేకల్లో ఇంత వయసుది లేదట. గెడ్డం ఆయన పచ్చ చుక్క అంటించి, "దీన్ని బతికుండగా పోల్చింది ఎవరు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. నువ్వడిగావుగా, చెయ్యి వణకలేదు. అమ్మ తలుపు దగ్గరే ఏడ్చేసింది. ఉద్యోగం నాదే, ఇల్లు మనదే, కాగితం మీద సంతకాలు కూడా అయ్యాయి.

లూకాస్ ముఖం చూసి నాకే జాలేసింది. బయటికి వచ్చాక వెండెలిన్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఏదమ్మా, ఆ ఎనిమిది ఒక్కసారి ఇలా ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. ఎదుటి కొండ వైపు పెట్టి చాలాసేపు చూశాడు. దించి, "ఎవరిది ఈ పని?" అన్నాడు. "మా మామయ్యది" అన్నాను. "మీ తాత వేటకి తీసుకెళ్ళని వాడేనా?" అన్నాడు. "ఆయనే" అన్నాను. మళ్ళీ ఎత్తి చూశాడు.

ఈ కవరులో ఎండిన పైన్ రెమ్మ ఉంది, పారెయ్యకు. మేకని కొట్టాక టోపీకి పెట్టుకునే రెమ్మ అది. మేకని వెతికిపెట్టిన కుక్క ఉంటే రెమ్మని రెండుగా విరిచి సగం కుక్క యజమానికిస్తాం. నాకు కుక్క లేదు. ఆ సగం నీది. తప్పుడు మేకైతే ఆ రెమ్మకి విలువుండదు కాబట్టి ఇన్నాళ్ళూ బైబిల్లో దాచాను.

నీ బుర్గి

*

ఇన్స్‌బ్రూక్,
24 మార్చి 1979

నా బుర్గికి, అక్కకి,

ఉత్తరం వర్క్‌షాపుకే వచ్చింది. పదిహేడు దాకా అందరికీ చదివి వినిపించాను. సాన పట్టే యంత్రం ఆపేసి మరీ విన్నారు. మా ఫోర్‌మన్ ఎనిమిది రెట్లది ఒకటి తీసి కిటికీలోంచి వంతెన మీదికి చూసి, ఎవరెవరు ముసలివాళ్ళో చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు.

రెమ్మ టోపీకి కుడిపక్క పెట్టుకున్నాను. అటే కదా పెట్టాలి? రెండు ఆకులు రాలాయి, జేబులో వేసుకున్నాను. సాయంత్రం ఇంటికి వెళుతూ ట్రామ్ ఎక్కితే, టికెట్లు కొట్టే పెద్దాయన నా టోపీ చూసి ఆగాడు. ఆయనది మీ పైలోయేనట. "ఏం కొట్టారు?" అన్నాడు. "పదిహేడేళ్ళ ఆడ గామ్స్. కొట్టింది మా మేనకోడలు" అన్నాను. "మరి మీరు?" అన్నాడు. "చూడటం నా వంతు" అన్నాను.

ఆయన తన టోపీ తీసి, చెయ్యి చాచి, వేటగాళ్ళు వేటగాళ్ళకి చెప్పుకునే శుభాకాంక్ష నాకు చెప్పాడు, ట్రామ్ నిండా జనం చూస్తుండగా. అరవై ఒక్క ఏళ్ళలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. దానికి బదులేమనాలో నాకు పన్నెండేళ్ళప్పటి నుంచీ తెలుసు. అన్నాను.

మీ కాసియన్